కోటును చూసి చెప్పిన పేరు

చలిదేశపు సెమెయ్ పట్నంలో ఉన్ని మిల్లు వెనక వీధిలో ఎవరింటి కుక్క ఈనినా, ఆ పిల్లల తండ్రి ఎవరింటి కుక్కో కతీపాకు తెలిసి ఉండేది. చదివింది నాలుగు తరగతులు. అడిగిన ప్రశ్నలు మాత్రం నలభై ఊళ్ళకు సరిపోతాయి. కొత్త కోడలు వీధిలో అడుగుపెడితే, మంచినీళ్ళు తాగేలోపు ఆ పిల్ల ముత్తాత ఊరెందుకు మారాడో రాబట్టేది. ఎవరైనా మూతపెట్టిన గిన్నె పట్టుకుపోతుంటే మూత తీసి చూసి, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పి, అప్పుడు దారి ఇచ్చేది. జనం విసుక్కునేవాళ్ళు. విసుక్కుంటూనే ఆమెను వీధిపెద్దగా పెట్టుకున్నారు. ఏ ఇంట్లో ఎవరుంటున్నారో, ఎవరు ఎప్పుడు పోయారో రాసి, సంతకం చేసి ముద్ర కొట్టడం ఆ పని. ముద్రను టీ డబ్బాలో దాచేది కాబట్టి ఆ వీధి కాగితాలన్నీ టీ వాసన వేసేవి.

అంతటి మనిషి జన్మలో ఒక్కసారి, చూసి తీరవలసిన చోట, కళ్ళు మూసుకుంది. ఆ సంగతి పదకొండేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

ప్రతి శుక్రవారం ఆమె ఏడు షెల్పెక్ రొట్టెలు నూనెలో వేయించేది. వేడినూనె వాసన పోయినవాళ్ళ దాకా వెళుతుందనీ, ఆకలితో ఉన్నవాళ్ళు ఆ వాసనతోనే కడుపు నింపుకుంటారనీ అక్కడివాళ్ళ నమ్మకం. కానీ పేరు పిలవాలి. పేరు పిలవకపోతే వాసనకు దారి తెలియదు, పొయ్యి చుట్టూనే తిరుగుతుంది. అందుకని అత్త పేరు, మామ పేరు, మొగుడు సెయ్త్‌ఖాన్ పేరు వరుసగా చెప్పి, చివర కైరొల్లా పేరు చెప్పేది.

కైరొల్లా చుట్టం కాడు. వీధి చివరి బడిలో బాయిలరుకు బొగ్గు వేసేవాడు. పెళ్ళాం పోయాక తాగుడు మరిగాడు, ఉద్యోగం పోయింది, ఇల్లు పోయింది. చివరికి మిల్లు వెనక పైపుల దగ్గర చేరాడు. ఊరందరి ఇళ్ళకూ వేడినీళ్ళు మోసే పైపులవి, ఏనుగు తొండాల్లా నేలమీద పాకుతూ పోతాయి. గూడు లేనివాళ్ళకు చలికాలమంతా అవే గోడ, అవే పొయ్యి.

పదకొండేళ్ళ కిందట, ఫిబ్రవరిలో, చలి ఎముకలు కొరుకుతున్న వారంలో ఆ పైపుల గుంటలో ఒక శవం దొరికింది. అడిగేవాళ్ళు రాకపోతే నంబరు రాసిన కర్ర పాతి పూడ్చేస్తారు. స్నానం ఉండదు, దువా ప్రార్థన ఉండదు. తమ వీధి దగ్గర పోయిన మనిషిని అలా పోనివ్వడం ఆ వీధికి తలవంపు. పక్కింటావిడ రాకిష్‌ను వెంటబెట్టుకుని కతీపా ఆస్పత్రి శవాల గదికి వెళ్ళింది. శవం మీద కోటు కనిపించింది. సెయ్త్‌ఖాన్ రైల్వే కోటు. మూడో గుండీ ఎర్రదారంతో తన చేత్తో కుట్టింది. తనే కైరొల్లాకు ఇచ్చింది.

"మనవాడే," అంది.

ఇద్దరూ సంతకాలు పెట్టారు. వీధిలో మగవాళ్ళు తీసుకుపోయి మట్టిచేశారు. ఏడో రోజు, నలభయ్యో రోజు, ఏడాది విందు, ఏదీ తక్కువ చెయ్యలేదు.

ఆ తర్వాతనుంచే కల మొదలైంది. ఆమె పరిచిన భోజనాల గుడ్డ చివర ఒక మగమనిషి ఆ కోటు వేసుకుని వీపు తిప్పి కూర్చునేవాడు. రొట్టె ముట్టేవాడు కాడు, ఇటు తిరిగేవాడు కాడు. కైరొల్లా అలిగాడనుకుని మరుసటి శుక్రవారం నూనె ఇంకాస్త ఎక్కువ పోసేది.

*

జబ్బు సంవత్సరం వచ్చింది. ఏప్రిల్లో ఊరు మూశారు. పని పోయినవాళ్ళకు సర్కారు సాయం ఇస్తుందన్నారు, ఫోనులో దరఖాస్తు పెట్టుకోమన్నారు. కతీపా కళ్ళజోడు తాడుతో చెవికి కట్టుకుని, ఒక్క వేలితో పొడుస్తూ వీధి మొత్తానికి దరఖాస్తులు పెట్టింది. ఆ వంకన ఎవరి జీతం ఎంతో, ఎవరి పెళ్ళి కాగితంలో తేదీ ఏదో అన్నీ తెలుసుకుని తృప్తిపడింది. అంతా అయ్యాక ఆమెకు పైపుల దగ్గరివాళ్ళు గుర్తొచ్చారు. బజారులో మూటలు మోసుకుని బతికేవాళ్ళు. బజారే మూతపడితే వాళ్ళకు పని పోలేదా?

ఒక ఉదయం ఫ్లాస్కులో పాలు పోసిన టీ, సంచిలో రొట్టెలు తీసుకుని మిల్లు వెనక్కి వెళ్ళింది. పైపుల మీద చుట్టిన గుడ్డ ఊడి వేలాడుతోంది. కింద అయిదారుగురున్నారు. పేర్లు రాసుకుంటూ పోయింది. చివర ఒకడు మోకాళ్ళు ముడుచుకుని, కాలికి గోనెగుడ్డ చుట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"పేరు చెప్పు," అంది పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"పాలెక్కువ పోశారా ఆపా? మీ చేతి టీ ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది."

ఆపా అని, అక్కను పిలిచినట్టు, తనను పిలిచేది వీధివాళ్ళే. కతీపా తల ఎత్తింది. పెన్సిలు వదిలేసి రెండు చేతులతో తన కాలరు పట్టుకుంది. చూడకూడనిది చూస్తే అక్కడివాళ్ళు కాలరే పట్టుకుంటారు, ప్రాణం మెడ దగ్గర జారిపోకుండా. మీసం తెల్లబడింది. రెండు పళ్ళు లేవు. అయినా కైరొల్లానే.

"నువ్వు పోయావు," అంది.

"నేనా? ఎప్పుడు?"

"పదకొండేళ్ళయింది. ఫిబ్రవరిలో."

కైరొల్లా గోనెగుడ్డను కాలి మీదికి ఇంకాస్త లాక్కున్నాడు. "అందుకా, ఏం చేసినా ఒంట్లో చలి పోదు," అన్నాడు.

మిగతావాళ్ళు నవ్వారు. కతీపా నవ్వలేదు. ఆమెకు ఆ క్షణాన కైరొల్లా మీద భయం లేదు. తన భోజనాల గుడ్డ చివర పదకొండేళ్ళుగా వీపు తిప్పి కూర్చున్నవాడు ఎవడన్న ప్రశ్న ఒక్కటే వెన్నులో చలిలా పాకింది.

ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడని అడిగితే, దూరపు గడ్డిమైదానంలో ఒకాయన గొర్రెల దగ్గర అన్నాడు. తిండికి పని. గుర్తింపు కాగితాలు ఆయన దాచిపెట్టుకున్నాడు, ఆయన పోయాక కొడుకులు గొర్రెల్ని అమ్మేసి ఇతణ్ణి లారీ ఎక్కించి ఊళ్ళో దింపారు. కాలు మంచుకు నల్లబడింది. ఆస్పత్రికి వెళితే గుర్తింపు నంబరు చెప్పమన్నారట, నంబరు లేదంటే కట్టు కట్టి పంపేశారట.

"చలికాలం అయిపోయిందని పదిరోజుల్లో పైపుల వేడి ఆర్పేస్తారు. తర్వాతేం చేస్తావు?" అంది కతీపా.

"చచ్చినవాడికి చలేంటి ఆపా. ఇంకోసారి పోతాను. ఈసారి మీకు శ్రమ ఉండదు, కాగితాలు ఎలాగూ తయారుగా ఉన్నాయి."

"నోరు ముయ్యి. లే."

*

సర్కారు కచ్చేరి తలుపు మూసి, ఒక్క కిటికీ తెరిచి ఉంచారు. అద్దం వెనక తోల్గనాయ్ అనే పిల్ల ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంది. కతీపా ఆ పిల్ల నిశ్చితార్థం ఎందుకు వాయిదా పడిందో ముందే కనుక్కుని ఉంది కాబట్టి ఇద్దరికీ చనువు.

"ఈ పేరుతో మనిషి లేడు ఆపా."

"ఇదిగో, నా పక్కన నిలబడి ముక్కు చీదుతున్నాడు కదమ్మా."

"లేడంటే, చనిపోయాడని ఉంది. పదకొండేళ్ళ కిందట. రాసిచ్చింది ఎవరంటే..." తోల్గనాయ్ కంప్యూటరు తెర వైపు చూసి, మళ్ళీ కతీపా వైపు చూసింది. "మీరే."

"చూశారా ఆపా," అన్నాడు కైరొల్లా, "పోయాక కూడా నా పనులు మీరే చూసుకున్నారు."

తోల్గనాయ్ గొంతు తగ్గించి దారి చెప్పింది. మరణం రద్దుచెయ్యాలంటే కోర్టుకు వెళ్ళాలి. ఆనాడు సంతకం పెట్టిన ఇద్దరూ తప్పు గుర్తుపట్టామని రాసివ్వాలి. నెలాఖరుకు దరఖాస్తులు ఆపేస్తారు. ఆలోపు కోర్టు రసీదు తెస్తే, కైరొల్లా దరఖాస్తు తీసుకుని పక్కన పెడుతుంది. తీర్పు వస్తే సాయం పడుతుంది, నంబరు వస్తుంది, ఆ నంబరుతో ఆస్పత్రి తలుపు తెరుచుకుంటుంది.

"తెలిసి తప్పు చెప్పారని తేలితే మాత్రం అది వేరే కేసు ఆపా. ఆలోచించుకోండి."

"మరి అక్కడున్నవాడి సంగతేంటి తల్లీ?"

"ఎక్కడ?"

"సమాధిలో."

"పేరు కొట్టేస్తారు. గుర్తుతెలియని మగమనిషి అని రాస్తారు."

కతీపా కిటికీ వదిలి పక్కకు జరిగింది. నంబరు కర్ర తప్పించాలనే కదా ఆ రోజు అంత పరుగెత్తింది. ఇప్పుడు పక్కనున్నవాడికి పేరు ఇప్పించాలంటే, పదకొండేళ్ళు తను పిలిచి అన్నం పెట్టినవాడి దగ్గర అదే పేరు లాక్కోవాలి.

*

రాకిష్ కతీపా ఈడుదే. ఇద్దరి పెరళ్ళ మధ్య గోడ ఒకటే, ఆ గోడ మీదుగా నలభై ఏళ్ళుగా ఉప్పూ చాడీలూ ఇచ్చిపుచ్చుకున్నారు. గేటు దగ్గర నిలబడ్డ కైరొల్లాను చూడగానే ఆమె కూడా కాలరు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి దించకుండానే తిట్టడం మొదలుపెట్టింది.

"నీకేం పోయేకాలమే కతీపా? పుణ్యం చేసి పూడ్చాం. పదకొండేళ్ళ తర్వాత దాన్ని తవ్వి పాపం చేస్తావా?"

"బతికున్నవాణ్ణి బతికున్నట్టు రాయించడం పాపమా?"

"చచ్చినవాడి కళ్ళు చారెడని, వీడు పోయాక ఎంత మంచివాడో అని వీధంతా ఏడ్చింది. ఇప్పుడు తాగుబోతు తాగుబోతులాగానే తిరిగొచ్చాడు. నా ఏడుపు నాకిచ్చెయ్యమను."

"నలభయ్యో రోజున మాంసం పెట్టారట కదా రాకిష్ ఆపా," అన్నాడు కైరొల్లా గేటు అవతల నుంచి. "నా వంతు దాచారా?"

"నీ వంతు నువ్వే తినేశావనుకున్నాం."

"ఎవడో తినేశాడు మరి."

ఆ మాటకు రాకిష్ మొహం మారింది. తలుపు వేసేసింది. కతీపా రాసిచ్చిన కాగితం రెండు రోజులు ఆమె దగ్గరే ఉంది. మూడో రోజు పొద్దున ఆ కాగితం కతీపా తలుపు కింద నుంచి లోపలికి జరిగి వచ్చింది. సంతకం ఉంది. ఒక్క మాట లేదు. రాకిష్ ఒక్క మాటైనా అనకపోవడం కతీపాకు ఆ సంతకం కన్నా వింతగా తోచింది. గోడ మీదుగా పిలిచినా ఆమె పలకలేదు.

రసీదు తోల్గనాయ్ చేతికి చేరింది. తీర్పుకు ఎదురుచూడడమే మిగిలింది. కానీ తీర్పు రాకముందే పైపులు ఆర్పేశారు. ఆ సాయంత్రం వడగళ్ళతో కలిసి మంచు పడింది. కతీపా ఇంటి తలుపు ఎవరో తట్టారు.

ఆ తట్టడం ఆమెకు తెలుసు. రెండుసార్లు తట్టి, ఆగి, క్షమించమన్నట్టు ఇంకొకసారి. పదకొండేళ్ళ కిందట కూడా అంతే. ఆ రోజు తలుపు గొలుసు తియ్యలేదు.

ఈసారి గొలుసు తీసింది. పదునుగా చలి లోపలికి వచ్చింది. కైరొల్లా గడప అవతలే నిలబడి ఉన్నాడు.

"రా."

"కాలు వాసనొస్తుంది ఆపా. వసారాలో పడుకుంటాను."

"ఈ ముక్కు ఎంతో చూసింది. రా లోపలికి."

పొయ్యి మీద సూపు పెట్టి ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టింది. కైరొల్లా కత్తి వైపే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, "వాడు ఉల్లిపాయ తినడు ఆపా," అన్నాడు.

కత్తి ఆగింది. "ఎవడు?"

"కోటువాడు."

అప్పుడు చెప్పాడు. ఆ రాత్రి కోటు తీసుకుని పైపుల దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ ఒక కొత్తవాడు ఉన్నాడట. రైలు దిగి వచ్చానన్నాడు. ఒంటి మీద పల్చటి చొక్కా. ఎవరో ఇచ్చిన సూపు డబ్బాను ఇద్దరూ పంచుకున్నారు. వాడు చేతులు అంత వణుకుతున్నా, ఉల్లిపాయ ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి డబ్బా అంచు మీద వరసగా పెట్టాడు. మా ఇంట్లో ఎవరూ తినరు అన్నాడు.

"పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి వాడికి. నాకు లోపల మందుంది, వేడిగా ఉంది. కోటు వాడికి కప్పాను. పొద్దున్నే తీసుకుందామనుకున్నాను. తెల్లారకముందే గొర్రెలాయన లారీ వచ్చింది, పని ఉంది ఎక్కమన్నాడు. నేను లేచి చూస్తే వాడు ముడుచుకుని పడుకుని ఉన్నాడు. మొహం అటువైపు. లేపుదామనుకున్నాను. లేపలేదు. నిద్రపోతున్నాడు కదా, ఎందుకు లేపడం అనుకున్నాను." కైరొల్లా తన కాలి కట్టు సర్దుకున్నాడు. "నిద్రపోతున్నాడనే అనుకున్నాను ఆపా. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను."

"పేరు?"

"అడగలేదు."

కతీపా తరిగిన ఉల్లిపాయను తీసి పక్కన పెట్టేసింది. ఆ పూట సూపు చప్పగా ఉంది. ఇద్దరూ గిన్నె అడుగు దాకా తాగారు.

*

కోర్టుకు కూడా జనాన్ని రానివ్వని రోజులవి. జడ్జీ ఫోనులోనే మాట్లాడతానన్నాడు. కతీపా వంటింటి బల్ల మీద ఫోను పెట్టి, పడిపోకుండా చక్కెర డబ్బాకు ఆనించింది. ఒక పక్క కైరొల్లా, ఇంకో పక్క రాకిష్. రాకిష్ వచ్చింది గానీ తల మీది గుడ్డ కళ్ళదాకా లాక్కుని గోడ వైపు చూస్తూ కూర్చుంది.

"ఈ మనిషి కైరొల్లానే అని ఎలా చెప్పగలరు?" అన్నది జడ్జీ గొంతు. "కిందటిసారి కూడా మీరే చెప్పారు. ఈసారి మొహం చూసి చెబుతున్నారా?"

కతీపా లేచి కైరొల్లా గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పింది. చాలాసేపు చూసింది. చెవి కింద చర్మంలోకి దిగిపోయిన బొగ్గుపొడి మచ్చ. బాయిలరు ఆవిరికి కాలిన కుడి చెంప. మీసం కింద వంకర పెదవి. అంతసేపు ఎవరూ తనను చూడని మనిషి కాబట్టి, కైరొల్లా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూపు మాత్రం పక్కకు తిప్పలేదు.

"చూసే చెబుతున్నాను," అంది. గుర్తులన్నీ వరసగా చెప్పింది.

"కిందటిసారి?"

"కిందటిసారి కోటు చూసి చెప్పాను."

"మొహం?"

"చూడలేదు."

"ఎందుకు చూడలేదు?"

ఊళ్ళో అందరినీ ఎందుకని అడిగే మనిషిని ఇంతవరకు ఎవరూ ఎందుకని అడగలేదు. కతీపా బల్ల మీది గుడ్డను వేళ్ళతో మడిచింది, విప్పింది.

"ముందురోజు రాత్రి ఇతను నా తలుపు కొట్టాడు. తాగి ఉన్నాడు. నేను గొలుసు తియ్యలేదయ్యా. సందులోంచి నా మొగుడి కోటు తోసి తలుపు వేసేసుకున్నాను. మర్నాడు శవం మీద ఆ కోటే కనబడింది. మొహం చూస్తే, ఎందుకు తలుపు తియ్యలేదని అడుగుతాడనిపించింది. కళ్ళు మూసుకుని, మనవాడే అన్నాను."

కైరొల్లా లేచి, మరుగుతున్న నీళ్ళ కింద మంట తగ్గించాడు.

"కోటు వెచ్చగా ఉండింది ఆపా," అన్నాడు కైరొల్లా మెల్లగా.

జడ్జీ మళ్ళీ అందుకున్నాడు. "అంటే సమాధిలో ఉన్నది ఎవరో చెప్పగలిగేవాళ్ళు లేరు. మొహం చూసినవాళ్ళే లేరు."

"నేను చూశాను," అంది రాకిష్.

కతీపా గిరుక్కున తిరిగింది. రాకిష్ ఫోనును తన ముందుకు లాక్కుని, ఎదురుగా చెవిటివాడున్నట్టు గట్టిగా మాట్లాడింది.

"నేను చూశాను. కైరొల్లాకు మీసం ఉంది, వాడికి లేదు. నలభై నిండని మనిషి. ఎడమ కనుబొమ్మను కోసినట్టు పాత గాటు ఒకటి. ఇది కళ్ళు మూసుకుని మనవాడే అనేసింది. నేను కాదంటే వాణ్ణి నంబరేసి గుంటలో పడేసేవాళ్ళు. కైరొల్లా జాడ లేదు, ఒక పేరు ఖాళీగా ఉంది, ఒక మనిషి పేరు లేకుండా ఉన్నాడు. నేనూ అవునన్నాను."

"తెలిసి చెప్పారా, తెలియక చెప్పారా?" అన్నాడు జడ్జీ.

"చలిలో చెప్పాం."

కతీపా మనసులో లెక్క వేసుకుంది. ఈ ఒక్క మాటతో ముగ్గురి పని అయిపోవచ్చు. రాకిష్ జైలుకు, కైరొల్లా మళ్ళీ పైపుల కిందకు, తను ఎక్కడికో. చివరకు జడ్జీ, "గాటు ఏ వైపన్నారు?" అని అడిగాడు.

"ఎడమ."

రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఫోను పెట్టేశాక కతీపా ఆగలేకపోయింది. "పదకొండేళ్ళు నా పక్కింట్లో ఉండి నాకు చెప్పలేదు నువ్వు."

"నువ్వు అడగలేదుగా. లోకంలో అన్నీ అడుగుతావు, అదొక్కటీ అడగలేదు. అడగనిదాన్ని ఎలా చెప్పను?"

"ముక్కు ఎలా ఉంది? కళ్ళు? రాకిష్, కళ్ళు ఏ రంగు?"

"నేను చూసింది అంతేనే. నేనూ మనిషినే. గాటు చూశాను, మీసం లేదని చూశాను, తలతిప్పేసుకున్నాను."

*

తీర్పు మే చివర వచ్చింది. ఆడవాళ్ళిద్దరి మీద కేసులేవీ పెట్టలేదు. కైరొల్లా కాగితం మీద బతికాడు. తోల్గనాయ్ పక్కన పెట్టిన దరఖాస్తు కదిలింది. అతనికి ఫోను లేదు కాబట్టి సాయం పడిందన్న కబురు కతీపా ఫోనుకే వచ్చింది. ఆమె ఇంటి ముందు నిలబడి గట్టిగా చదివింది, మూడిళ్ళ అవతలివాళ్ళు కూడా విన్నారు. ఆస్పత్రిలో కాలి వేళ్ళు రెండు తీసేశారు, పాదం నిలిచింది. రాకిష్ తన పెరటి వంటపాక అద్దెకిస్తానంది. "చచ్చి లేచినవాడు, అద్దె ఎగ్గొట్టడు," అంది.

సర్కారు డబ్బుతో కైరొల్లా మొదట కొన్నది పిండి, నూనె.

ఆ నూనె పొయ్యి ఎక్కే శుక్రవారానికి ముందు రోజు వాళ్ళు ముగ్గురూ శ్మశానానికి వెళ్ళారు. ఇనుపరేకు మీద కైరొల్లా పేరు, తండ్రి పేరు, తేదీ. కైరొల్లా తన పేరు తనే చదువుకున్నాడు. జేబులోంచి తీగబ్రష్షు తీసి, మోకాలి మీద కూర్చుని, పేరు ఉన్నంత మేరా గీకడం మొదలుపెట్టాడు. తేదీ ముట్టుకోలేదు. ఇనుము మీద ఆ గరగర చప్పుడు గాలికి కొట్టుకుపోతూ వినబడుతుంటే, చలికి ఎవరి పళ్ళో కొట్టుకుంటున్నట్టే ఉంది. కతీపా రాకిష్ చెయ్యి పట్టుకుంది. రేకు మీద పేరున్న చోట మెరిసే మచ్చ ఒకటి మిగిలింది.

"రంగు వెయ్యనా?" అన్నాడు కైరొల్లా.

"వద్దు. చోటు ఖాళీగా ఉంచు," అంది కతీపా.

శుక్రవారం కైరొల్లా పొయ్యిలో బొగ్గు వేశాడు, కతీపా రొట్టెలు ఒత్తింది, రాకిష్ తిప్పింది. ఆరు రొట్టెలు తేలాయి. అత్త పేరు, మామ పేరు, సెయ్త్‌ఖాన్ పేరు అయ్యాయి. ఏడో రొట్టె నూనెలోకి జారింది. పదకొండేళ్ళ అలవాటున కతీపా నాలుక చివరకు కైరొల్లా పేరు వచ్చేసింది. పక్కనే నిలబడ్డవాణ్ణి చూసి మింగేసింది. రొట్టె బుడగలు పోతూ ఎర్రబడుతోంది. వాసన వంటింట్లోనే తిరుగుతోంది.

"నా మొగుడి కోటు కప్పుకున్నవాడికి," అంది కతీపా.

రాకిష్ తలగుడ్డ సర్దుకుని, "ఎడమ కనుబొమ్మ మీద గాటున్నవాడికి," అంది.

ఇద్దరూ కైరొల్లా వైపు చూశారు. అతను బొగ్గుపార పట్టుకుని నేల చూస్తూ, "సూపులో ఉల్లిపాయలు ఏరేసేవాడికి," అన్నాడు.

ఆనాటి నుంచి కతీపా ఫ్లాస్కు పట్టుకుని పైపుల దగ్గరికీ, రైల్వే స్టేషనుకూ వెళ్ళడం మానలేదు. గూడు లేనివాళ్ళకు దరఖాస్తు నింపే ముందు గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పి చూసేది. పేరు, తండ్రి పేరు, ఒంటి మీది గుర్తులు బడిపిల్లల కాపీ పుస్తకంలో రాసేది. చివర, ఫారంలో లేని ప్రశ్న అడిగేది: ఇంటిల్లిపాదీ ఉల్లిపాయ తినని వాళ్ళెవరైనా తెలుసా, ఆ ఇంట్లో ఎవరైనా రైలెక్కి తిరిగి రాలేదా? కొందరు నవ్వేవాళ్ళు. ఒక ముసలామె మాత్రం చాలాసేపు ఆలోచించి, ఏదో చెప్పబోయి, తన రైలు వస్తే వెళ్ళిపోయింది.

కల ఇప్పటికీ వస్తుంది. భోజనాల గుడ్డ చివర అదే కోటు. కానీ ఆ శుక్రవారం తర్వాత అతను ఇటు తిరిగి కూర్చుంటున్నాడు. ఎడమ కనుబొమ్మ మీద గాటు స్పష్టంగా కనిపిస్తుంది. మీసం లేని పై పెదవి కనిపిస్తుంది. వాళ్ళు చెప్పుకున్నంత మేరే మొహం ఉంది. మిగతా అంతా ఇంకా మంచు. రొట్టె చేతిలోకి తీసుకుంటాడు, తినడు. కతీపా గుడ్డ మీదుగా ముందుకు వంగి, ఆ రోజు శవాల గదిలో అడగవలసిన మాట అడుగుతుంది.

"నీ పేరేంటి నాయనా?"

అతని పెదవులు కదులుతాయి. ఆమె ఇంకా వంగుతుంది.